వీర్నపల్లి బాయి మోటరు

"బిడ్డా, మోటర్ బంద్ చెయ్యి! మా ఆయన బాయిల ఉన్నడు!"

వీర్నపల్లి నుంచి ఫోనులో మొగిలవ్వ కేకేసింది. రైతుల మోటర్లను ఫోనుతో నడిపించే కంపెనీ జగిత్యాల ఆఫీసులో కల్యాణి గబగబా తెరమీద వీర్నపల్లి మోటరును వెతికింది. నడుస్తోంది. 'ఆఫ్' పంపింది. ఆగింది.

"ఆపిన పెద్దమ్మా. అసలేమైంది?"

"వానలకు బాయిల మట్టి పెల్లలు కూలినయి, ఇంకా కూలుతున్నయి. తీస్తనని మా ఆయన ముత్యం దిగిండు. ఊట జోరుగున్నది, జల్ది నిండుతదని పొద్దుగాల్నే నీళ్లు తోడి, మోటర్ బంద్ పెట్టి దిగుతనన్నడు. వైరు చెక్కుకపోయి ఉన్నది బిడ్డా, మోటర్ నడిస్తే నీళ్లల్ల కరెంటొస్తదేమోనని నా భయం. నేను ఇంటికాడున్న. మోటర్ ఆన్ అయిందని నా ఫోన్ల చెప్పింది, బంద్ చేసుడు నాకు రాదు!"

"పెదనాయినకు ఫోన్ చేసినవా?"

"కలుస్తలేదు. బాయిల సిగ్నల్ సరిగ అందది, ఎప్పుడన్న మెసేజ్ పోతదంతే."

ఆ మాట పూర్తికాకముందే తెరమీద పచ్చదీపం వెలిగింది. మోటరు మళ్ళీ నడుస్తోంది.

కల్యాణి మళ్ళీ ఆపింది. గుక్కతిప్పుకునేలోపే మళ్ళీ నడిచింది.

రైతు ఫోను నుంచి వచ్చే ఆజ్ఞ ముందు జగిత్యాల సర్వరుకు చేరుతుంది. అక్కణ్ణుంచి కోరుట్లకు, కోరుట్ల నుంచి సిరిసిల్లకు. సిరిసిల్లలో ఒక్కో మోటరుకు ఒక్కో చిన్న ప్రోగ్రాము కాపలా ఉండి, తనకొచ్చిన ఆజ్ఞలను వరుసగా విని మోటరుకు చెబుతుంది. అందిందని జవాబు రాకపోతే కోరుట్ల అదే ఆజ్ఞను మళ్ళీ మళ్ళీ పంపుతుంది. ఇదివరకు అట్లా ఒకసారి జరిగింది కూడా.

ఆమె రెండో ఫోనులో కోరుట్ల సర్వరు చూసుకునే ధనుంజయ్‌ని పిలిచింది.

"అన్నా, నీ దగ్గర పాత ఆజ్ఞ ఇరుక్కున్నట్టుంది. చూడు, జల్ది!"

కాసేపు కీబోర్డు చప్పుడు.

"లేదు కల్యాణీ. జవాబులు సక్కగనే వస్తున్నయి. ఒక్కో 'ఆన్'కు ఒక్కో గుర్తున్నది. అన్నీ కొత్తయే. ఎవరో కావాలని నొక్కుతున్నరు."

కల్యాణి మొదటి ఫోను మళ్ళీ చెవికి ఆనించుకుంది.

"పెద్దమ్మా, ఈ మోటరు మీ ఇద్దరివి గాక ఇంకెవరి ఫోన్ల ఉన్నది?"

మొగిలవ్వ గొంతు తగ్గించింది.

"మా మరిది చిన్నయ్య ఫోన్ల. పాలు బాయి గద, ఇద్దరన్నదమ్ములది. మొన్న పొలం గట్టు పంచాయితీల మా ఆయనను... 'నిన్ను గీ బాయిలనే పాతిపెడ్త' అన్నడు బిడ్డా." ఆమె భోరుమంది.

ఏ ఫోను నుంచి వస్తున్నదీ జగిత్యాల సర్వరులోనే తెలుస్తుంది. కానీ అక్కడ ఆనవాలు పట్టే ప్రోగ్రాము ఆపేసి ఉంది. కల్యాణి దాన్ని నడిపించింది. ఇక మీదట వచ్చే ఆజ్ఞల జాడే దొరుకుతుంది.

"మోటరుకు తాళమేస్తున్న అన్నా. ఎవరు నొక్కినా నడవది."

"ముందుగాల ఎవరో చూడు. తర్వాత ఏద్దువు."

"చూసేదాక మనిషి బతకాలె గద!"

తాళం వేసింది. పచ్చదీపం ఆరిపోయింది.

"పెద్దమ్మా, ఇగ భయం లేదు. మోటర్ లేవది."

"నీ కడుపు సల్లగుండ బిడ్డా. బాయికాడికి ఉరుకుతున్న."

ఫోను పెట్టేయగానే ఒక 'ఆన్' వచ్చింది. తాళం దగ్గర ఆగిపోయింది. ఇంకొకటి. ఆ వెంటనే మరొకటి. తర్వాత ఎడతెరిపి లేకుండా, పిచ్చి పట్టినట్టు వస్తూనే ఉన్నాయి.

"ఎంత కసి ఉన్నదో చూడన్నా," అంది కల్యాణి పళ్ళు కొరుకుతూ. "నొక్కు. ఎంతసేపు నొక్కుతవో నొక్కు."

కొంతసేపటికి వాటి జోరు తగ్గింది. ఆగి ఆగి వచ్చాయి. ఆఖరికి ఒకటి వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

కల్యాణి కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది. "ఊకున్నడు. అలిసిపోయినట్టున్నడు."

"జాడ దొరికిందా?"

"చూస్తున్న." వచ్చిన ఆజ్ఞల వరుస తెరిచింది. పక్కనే రైతుల నంబర్లు తెరిచి, రెండూ సరిపోల్చింది.

"చిన్నయ్యేనా? పోలీసులకు చెప్దామా?" అడిగాడు ధనుంజయ్. "కల్యాణీ? చెప్పు!"

ఆమె ఆ నంబరు మళ్ళీ చూసింది. గబగబా తాళం తీసి, తనే 'ఆన్' నొక్కింది. మళ్ళీ నొక్కింది.

బాయిలో ఊట నీళ్ళు మీదికొస్తుంటే, అన్నిసార్లూ నొక్కింది ముత్యమే.