ఫుల్ ట్యాంకు

"ట్రోట్రో తాళం నాకియ్యి నాన్నా, ఇక నేను నడుపుతా" అంది అడోమా.

"ముందు నీ బొమ్మల పందెంలో నన్ను గెలువమ్మా!" అన్నాను. మా ట్రోట్రో వ్యాన్లు జనాన్ని ఎక్కించుకునే కుమాసీ బస్టాండులోని వీడియో గేమ్ కొట్టంతా ఘొల్లుమంది.

గంటసేపు సాగే పందెం. నేను పులిలా గాండ్రించే కారు ఎంచుకున్నాను. నా చిట్టితల్లి అగ్గిపెట్టెంత కారు తీసుకుంది.

"అందులో పందేనికెళ్తున్నావా, సంతకా?"

"నీది తాగుబోతు కారు నాన్నా. చూస్తావుగా."

మెరుపులా దూసుకుపోయాను. పెట్రోలు అయిపోవచ్చింది. పెట్రోలు పోసే పిట్‌లో ఆగి, కాస్త పోయించుకుని, మళ్ళీ పరుగెత్తాను. మళ్ళీ ఆగాను, మళ్ళీ కాసింత పోయించాను. అది మాత్రం ఒక్కసారే ఆగి, ట్యాంకు నింపుకుని, తాపీగా నన్ను దాటిపోయింది.

"పెద్దాయనా, పందెంలో ఉన్నావా, బంకులో కాపురం పెట్టావా?" అన్నారు కొట్టులోని కుర్రాళ్ళు.

"ఇక్కడ పెట్రోలు ఊరికే పోస్తారు నాన్నా! నిండా పోయించుకోవద్దని ఎవరన్నారు?"

ఎక్కినవాళ్ళిచ్చిన చిల్లరకు ఎంతొస్తే అంతే పోయించిన ట్రోట్రో చెయ్యి ఇది. బొమ్మల్లో కూడా బుద్ధి మారలేదు.

చిత్తుగా ఓడిపోయాను. ఎంత ఆనందమో! "నా కూతురు నన్ను ఓడించిందర్రా!" అని స్టాండంతా చాటి, తాళం దాని చేతిలో పెట్టాను.

మర్నాడు ఒక్కరూ ఎక్కకముందే అడోమా బండి ట్యాంకు నిండా పోయించింది. పెట్రోలు ముల్లు మెల్లగా లేచి, పైకంటా వెళ్ళి నిలబడింది. నా కళ్ళు చెమర్చాయి.

ఆ ముల్లు పాడైపోయిందని, బండి కొన్ననాటి నుంచీ అందరికీ చెబుతున్నాను.