పురుగు లేచే వేళ

ఇర్షాద్ చేతిలో మిగిలింది తట్టెడు తవుడు, కాస్త బెల్లం, డబ్బా అడుగున పురుగుమందు. గోరంట్లలో అంగడి ఎత్తేసి, ఉన్నదంతా పెట్టి మూడెకరాల వేరుశనగ వేశాడు. లద్దెపురుగు రెండెకరాలు తినేసి మూడోదాంట్లోకి పాకింది.

పొద్దు బారెడెక్కింది. అన్నీ కలిపి విషపు ఎర చల్లబోతుంటే, పక్క చేలో కలుపు తీస్తున్న రామాంజినమ్మ వచ్చి ఆపింది.

"ఏమప్పా, మళ్లీ ఎండపూటే చల్తాండావా?"

"రెండుసార్లు చల్లితినక్కా, ఒక్కటీ చావలేదు. మందు కల్తీదేమో. ఇది గూడా తప్పితే పిల్లోళ్లను పట్టుకొని బెంగుళూరికి కూలికి పోవాల్సిందే."

"ఆకు మీద పురుగు యాడుండాదో చూపించు."

ఇర్షాద్ ఆకులు తిరగేశాడు. ఒక్కటీ కనపడలేదు. ఆమె కొడవలి మొనతో మొక్క మొదట్లో మట్టి పెళ్లగించింది. ఆరేడు పురుగులు ముడుచుకుని ఉన్నాయి.

"పగలంతా ఈడ పండుకుంటాది. మాపటేళ లేచి మేస్తాది. అప్పటికి నీ తవుడు ఎండి రాయైపోతాది. అంగడి పెట్టినోనివి, గిరాకీ యా పొద్దు వస్తాదో చూసుకోవద్దా?"

అంగడి తెరిచే వేళకే చేలోకి రావడం ఇర్షాద్ అలవాటు. మందును తిట్టాడు, అమ్మినవాణ్ణి తిట్టాడు. పురుగు ఎప్పుడు తింటుందో మాత్రం ఎవరినీ అడగలేదు.

తట్ట మీద తడిగోనె కప్పి గట్టున కూర్చున్నాడు. పొద్దు వాలాక ఇద్దరూ సాలుసాలుకూ చల్లారు.

తెల్లారేసరికి ఎర చుట్టూ పురుగులు చచ్చి పడున్నాయి. రెండెకరాలు పోయినవి పోయినట్టే. నిలిచిన ఎకరంలో మరుసటేటికి విత్తనం వస్తుంది, పిల్లలకు ఊళ్లోనే కూడు దొరుకుతుంది.