చివరి సీటు

కూతురు తన కళ్ల ముందు లేనప్పుడు దానికేమన్నా అవుతుందేమోనన్నదే ఖాలిదాకు అన్నిటికన్నా పెద్ద భయం.

అందుకే సౌదీలోని జుబైల్‌లో భర్త షాకీర్ పాపను కారులో బడి దగ్గర దింపేటప్పుడు తనూ వెంట వెళ్లేది.

ఒకరోజు అక్కడ ఆ మనిషి కనిపించాడు.

ఒంటి మీద నూనె మరకల నీలం కవరాల్, ఫ్యాక్టరీ డ్యూటీ డ్రెస్సు. తలకు టోపీ, ముఖానికి మాస్కు.

పిల్లలంతా దిగాక ఖాళీ బస్సు ఎక్కాడు. వంగి సీట్ల కింద చూశాడు. దిగి, ఇంకో బస్సు ఎక్కాడు.

"ఏయ్, ఎవరు నువ్వు? పిల్లోళ్ల బస్సులో ఏం పని నీకు?" అని గద్దించింది ఖాలిదా.

"ఏం లేదమ్మా. ఊకెనే చూస్తున్న."

ఊరికే ఎవరైనా సీట్ల కింద చూస్తారా?

మరుసటి రోజూ అంతే. మూడోరోజు బస్సు దిగుతుంటే అతని చేతిలో ఎవరో చిన్నపిల్ల బూటు ఒకటి ఉంది.

ఖాలిదా ఫోన్ తీసి అతన్ని వీడియో పట్టింది.

"చూడు, వాని చూపు నాకు బాగలేదు. బడి కమిటీ ఎలక్షన్లో మనం ఓటేసిన కోటాయన ఉండాడు కదా, ఆయనకు చెప్పు" అంది భర్తతో.

"ఫోటోలో కోటు చూసి ఆయనకే వెయ్యమంటివి. నంబరు కూడా నువ్వే కనుక్కో" నవ్వాడు షాకీర్.

ఏడో తరగతితో బడి మానేసిన ఖాలిదాకు పెద్దగా రాయడం రాదు. ఆ వీడియోనే తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కింద రెండే మాటలు రాసింది.

'ఎవడు వీడు?'

మధ్యాహ్నానికి రెండొందల మెసేజీలు.

నాలుగోరోజు ఆ మనిషి రాలేదు. ఖాలిదా ఊపిరి పీల్చుకుంది.

నెల తిరిగేసరికి షాకీర్ డ్యూటీ మారింది. పాపను బస్సు ఎక్కించక తప్పలేదు.

వారం కాకముందే, ఒకరోజు పొద్దున బడి నుంచి ఫోన్.

పాప చివరి సీటులో నిద్రపోయి కిందికి జారింది. డ్రైవర్ చూడకుండా తలుపులు వేసి, బస్సును ఎండలో వదిలి వెళ్లాడు. మరిచిపోయిన ఫోన్ కోసం వెనక్కి వచ్చాడు కాబట్టి బిడ్డ బతికింది.

చెమటతో తడిసి ముద్దయిన పాపను అదుముకుని ఖాలిదా ఆఫీసులో అరిచింది.

"పిల్లోళ్లు అందరూ దిగినారా లేదా అని చూసే దిక్కే లేదా ఈడ? యాడ మీ కమిటీ? పిలవండి ఆ కోటాయన్ను!"

క్లర్కు ఉమాదేవి పాపకు నీళ్లు తాగించింది.

"చూసేటాయన ఉండెనమ్మా. బస్సులు కాంట్రాక్టరువి, మనకు సంబంధం లేదని కమిటీల తక్కినోళ్లు అన్నరు. ఆయన వినలే. 'పిల్లల బాగు చూడమనే కదా ఓట్లేసిన్రు' అని, నైట్ డ్యూటీ దిగి సీదా ఇటే వచ్చి ఏడు బస్సులూ ఎక్కి చూసేటోడు. పిల్లలు మరిచిన బూట్లు, సంచులు తెచ్చి ఆఫీసుల ఇచ్చేటోడు. తల్లులు భయపడ్తరని ఎవ్వరికీ చెప్పనియ్యలే."

"మరి ఏడి?"

"ఎవరో వీడియో పెట్టిన్రు. పెద్దసార్లు రావద్దన్నరు. 'ఆ తల్లిది తప్పు కాదు, నా జాగాల ఇంకొకరిని పెట్టుండ్రి' అని కాగితం రాసిచ్చి రాజీనామా చేసిండు. పోయిన వారమే ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద, ఇంక తిరిగి రాకుండ, ఇంటికి పోయిండు. ఆ కాగితం ఇంకా ఈ టేబుల్ మీదనే ఉంది."

ఉమాదేవి గోడ మీది ఫోటో చూపించింది.

కోటు, టై, చిరునవ్వు. కింద 'ప్రభాకర్, కమిటీ సభ్యుడు' అని ఉంది. కళ్లు మాత్రం, మాస్కు పైన ఖాలిదా చూసిన ఆ కళ్లే.

ఇది చదివిన తల్లులారా, రేపు మీ బిడ్డ దిగాక కూడా ఒక్కసారి ఆ బస్సు చివరి సీటు దాకా వెళ్లి చూడండి, ఇంకెవరి బిడ్డయినా నిద్రపోతుందేమో.