మడమల పందెం

“మనోళ్ల బొక్కలు గట్టిగుంటే పాలు రావా సారూ? గిదేం లెక్క?”

బడిలో వంట చేసే మొగులమ్మ హెడ్మాస్టర్ నర్సింగ్‌ను అడిగింది. ఆ లెక్క మందుల కంపెనీది.

పటాన్‌చెరులోని ఆ కంపెనీ రెండు బడులను ఎంచుకుంది. ఒకటి కంది ఊరి అవతల నర్సింగ్ పనిచేసే సర్కారు బడి. రెండోది పటేల్‌గూడ రోడ్డులోని ఇంటర్నేషనల్ స్కూలు. రెండు చోట్లా పిల్లలకు ఎముకల పరీక్ష చేస్తారు. ఏ బడి పిల్లల ఎముకలు బలహీనంగా తేలితే, ఆ బడికి ఏడాది పాటు రోజూ గ్లాసెడు పాలు, ఒక గుడ్డు. ఉన్నవాళ్ల బడిని ఎందుకు కలిపారని ఎవరూ అడగలేదు. ‘మాకు పిల్లలందరూ సమానమే’ అని కంపెనీ బ్యానర్ మీద రాసి ఉంది.

నర్సింగ్‌కు ఆ పాలు కావాలి. కిందటి వారం ప్రార్థనలో ఏడో తరగతి తనుశ్రీ కళ్లు తిరిగి పడిపోయింది.

“పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?”

“చాయ్ తాగిన సార్.”

“చాయ్‌తోని?”

“ఇంకో చాయ్.”

పిల్లలంతా నవ్వారు. నర్సింగ్ నవ్వలేకపోయాడు.

అయినా అతని భయం వేరు. తన పిల్లలు పొద్దంతా ఎండలోనే ఉంటారు. రెండు కిలోమీటర్లు నడిచొస్తారు. ఇంటర్వెల్ గంట కొడితే చాలు, కబడ్డీ కూత. మొన్ననే ఒక పిల్ల నడుమెత్తు లేని గోడ మీంచి దూకి చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు ఆరకముందే మళ్లీ అదే గోడెక్కింది. ఇంత గట్టి పిండాలకు ఎవరు పాలు పోస్తారు?

పరీక్ష రోజున పిల్లలను ఆటోల్లో ఇంటర్నేషనల్ స్కూలుకు తీసుకెళ్లాడు. మిషను పెట్టింది అక్కడే. కరెంటు పోని చోటు అదొక్కటే మరి.

ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లాడు వచ్చి మడమను మిషన్లో పెట్టడం, అది ఒక చీటీని బయటికి తొయ్యడం. చీటీ మీద పేరుండదు, నంబరూ వయసూ ఉంటాయి. పేర్లు చూస్తే డాక్టర్లు ఒకవైపు మొగ్గుతారట. మిగిలిందంతా వంకర గీతలు. అవి డాక్టరుకు తప్ప మరొకరికి అర్థం కావు. సాయంత్రానికి చీటీలన్నీ రెండు అట్టపెట్టెల్లో వేసి, సీలు వేసి, పైన బడుల పేర్లు అంటించారు. మర్నాడు హైదరాబాద్ పంపేదాకా వాటిని ప్రిన్సిపాల్ గదిలో ఉంచారు.

ప్రిన్సిపాల్ చలపతిరావు మర్యాదస్తుడు. నర్సింగ్‌ను టీకి పిలిచాడు.

“మీకేం మాస్టారూ, హాయిగా ఉన్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర లేదండి. మా పిల్లలకి ఎండంటే ఏంటో తెలీదు. బస్సులో ఏసీ, క్లాసులో ఏసీ. ఆఖరికి గ్రౌండుకి కూడా పైకప్పు వేసేశాం.”

“మా పిల్లలకు ఎండ తప్ప ఇంకేం తెల్వదు సార్.”

“ఇది అడ్మిషన్ల టైమండి. మా వాళ్ల ఎముకలు మెత్తన అని పేపర్లో పడిందనుకోండి, స్కూలుకి తాళం వేసుకోవడమే. మీకు పాలు కావాలి, నాకు పేరు కావాలి. అంతేగా?”

“గంతే సార్.”

నర్సింగ్ ఇంటికి బయల్దేరేసరికి పొద్దుగూకింది. ఎన్నాళ్లకో మనసు తేలిగ్గా ఉంది. మర్నాడు బడికి వెళ్లగానే మొగులమ్మతో అన్నాడు.

“పాలు కాగబెట్టే గంజులు తోమి పెట్టు. ఇగ పరేషాన్ కాకు. పాలు మనయే.”

పరీక్ష అయిన పన్నెండు రోజులకు సంగారెడ్డిలో సభ. ముందు వరసలో చలపతిరావు. కొత్త కోటు, పక్కన సొంత ఫొటోగ్రాఫర్. వెనక వరసలో నర్సింగ్, మొగులమ్మ. వాళ్ల కాళ్ల దగ్గర రెండు పాలక్యాన్లు. మొదటి రోజు పాలు సభలోనే పోస్తామని కంపెనీ వాళ్లు చెప్పారు మరి.

చీటీలు చదివిన డాక్టర్ లక్ష్మీప్రసన్న మైకు అందుకుంది.

“ఇంత తేడా ఉంటుందని మేమే అనుకోలేదు. ఒక బడిలో సగానికి సగం మంది పిల్లల ఎముకలు వయసుకు తగ్గట్టు లేవు. ఇంకొన్నాళ్లు ఇలాగే వదిలేస్తే కష్టం. పాలు ఆ బడికే వెళ్తాయి. అది...”

కాగితం ఇంకోసారి చూసుకుంది.

“ఇంటర్నేషనల్ స్కూలు.”

సభంతా గుసగుసలు. అంతలోనే ఎవరో పెద్దమనిషి తేల్చేశాడు. “ఎండ పొడ సోకకపోతే గట్లనే ఉంటది మరి!” అందరికీ అది నిజమే అనిపించింది.

“సర్కారు బడి పిల్లల ఎముకలు మాత్రం భేష్!” అంది డాక్టరు. “వాళ్లకు ఏమీ ఇవ్వక్కర్లేదు. చప్పట్లు కొడితే చాలు.”

హాలు మోగిపోయింది. ఫొటోగ్రాఫర్ తన కెమెరాను మెల్లగా సంచిలో పెట్టేశాడు.

మొగులమ్మ కూడా చప్పట్లు కొడుతూ పక్కకు తిరిగింది.

“పాలు పోతే పోయినయ్ తియ్, సారూ! మనోళ్లకేం రోగం లేదంటున్నరు గద. మీరేంది, గట్ల ఏడుస్తున్నరు?”

నర్సింగ్ కళ్లు తుడుచుకుని తలెత్తాడు. ముందు వరసలోంచి చలపతిరావు వెనక్కి తిరిగి చూశాడు. ఇద్దరి చూపులూ ఒక్క క్షణం కలిశాయి. ఇద్దరూ ఒకేసారి తలలు దించుకున్నారు.

పన్నెండు రోజుల కింద, టీ కప్పులు పక్కన పెట్టి, గది తలుపు దగ్గరగా వేసి, ఆ రెండు పెట్టెల మీది బడుల పేర్లు పీకి ఒకదానిది ఇంకోదానికి అంటించింది వాళ్లిద్దరే.