ఈశాన్యం మూల గది

ఐదొందల మూడో నంబరు ఫ్లాట్‌లో అద్దెకున్న ముగ్గురికీ ఏడాది తిరక్కుండా ఉద్యోగాలు ఊడాయని ఎదురింటి సరోజమ్మ అన్నదట. పనిమనిషి ఆ మాట మోసుకొచ్చినప్పటి నుంచి, మొన్ననే ఆ ఫ్లాట్ కొన్న వాసంతికి ముద్ద దిగడం లేదు. మాదాపూర్ కంపెనీలో ఆమె హెచ్ఆర్ మేనేజరు. ఆధారం లేనిదే దేన్నీ నమ్మకూడదని వారం వారం ఉద్యోగులకు పాఠం చెబుతుంది.

వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకుని కిందికి దిగింది. ఆయన దిక్సూచి తిప్పుకుంటూ వెళ్లి వాచ్‌మన్ గది ముందు ఆగాడు.

"ఈశాన్యంలో బరువు పడిందమ్మా. ఇది పడగొట్టాలి."

"విన్నావుగా యాదమ్మా, ఆదివారంలోగా ఖాళీ చేసెయ్యండి. అసోసియేషన్‌తో నేను మాట్లాడతాను," అంది వాసంతి.

వాచ్‌మన్ భార్య యాదమ్మ ఊడుస్తున్న చీపురు కింద పెట్టింది. "పిల్లలను పట్టుకొని ఏడికి పోవాలె మేడం? గీ రూము జేసిన తప్పేంది?"

"ముగ్గురికి ఉద్యోగాలు పోయాయి. ఇంతకంటే ఆధారం ఏం కావాలి?"

"ఆ ముగ్గురు మీ కంపెనీలనే చేసిండ్రు గద మేడం. సామాన్లు ఎత్తేటప్పుడు అడిగిన, ఎవరు తీసేసిండ్రని. ముగ్గురు మీ పేరే చెప్పిండ్రు."