తలుపు మీద సున్నా

"ఇంట్లో మిషను మీద ఊపిరి పీల్చేవాళ్లెవరైనా ఉన్నారా బాబూ?"

గుమ్మంలో నిలబడ్డ ముసలాయన అడిగిన మొదటి మాట అది. చంకలో ఊచ విరిగిన గొడుగు, చేతిలో సుద్దముక్క.

సైన్సు మాస్టారికి ఒళ్లు మండింది. రేపే తుఫాను. పొద్దుట్నుంచి ఆయనకి కాలు నిలవడం లేదు. ట్యాంకు నింపాడు, బకెట్లు నింపాడు, కొవ్వొత్తులు సర్దాడు, మేడ మీది పూలకుండీలు ఒక్కొక్కటే కిందికి దింపాడు. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు పోద్దామని కూర్చునేసరికి ఈయన దిగబడ్డాడు.

"ఎవరూ లేరు. వెళ్లండి."

"లోపల్నుంచి చప్పుడు వినబడుతోంది. ఆక్సిజన్ మిషనే కదూ?"

నిజమే. వెనక గదిలో అమ్మ ఉంది. రెండేళ్లుగా ఆ గొట్టం ముక్కుకి లేనిదే ఆవిడకి ఊపిరాడదు. కరెంటుంటేనే మిషను, మిషనుంటేనే అమ్మ.

"ఉంటే మీకెందుకు?"

"రెండ్రోజులు కరెంటు రాదంటున్నారు బాబూ."

"మాకు ఇన్వర్టరుంది. ఎనిమిది గంటలొస్తుంది. అప్పటికీ రాకపోతే కారుంది, ఆస్పత్రుంది."

"కారుకి దారుండాలి కదా. మెయిన్ ఆపేసి ఒక్కసారైనా దాని మీద మిషను నడిపి చూశారా? ఆ ఎనిమిది గంటలు లైటుకీ ఫ్యానుకీ రాసిందేమో..."

"కరెంటు పాఠం నాకే చెబుతారా? పిల్లలకి నేను చెప్పేది అదే!"

"అయ్యో, అందుక్కాదు. ఎల్లుండి పొద్దున్న బండొస్తుంది. దాంట్లో..."

"బండీ వద్దు, బేరమూ వద్దు. తుఫానంటే చాలు, అమ్ముకునేవాళ్లంతా బయల్దేరతారు!"

తలుపు ఆయన మాట మీదే పడింది.

"ఎవర్రా?" వెనక గదిలోంచి అమ్మ.

"ఏదో అమ్మకానికొచ్చాడమ్మా."

"ఆయాసంగా ఉంది గొంతు. మంచినీళ్లయినా ఇచ్చావా?"

"ఆఁ, ఇచ్చాన్లే."

ఇవ్వలేదు.

కాసేపటికి బయటికెళ్లిన భార్య అక్కణ్నుంచే పిలిచింది. "ఏవండీ, ఇలా రండి. ఇదేంటి?"

తలుపు పైన, సన్‌షేడ్ కింద, వాన తగలని చోటు చూసి మరీ, సుద్దతో అరచేయంత సున్నా.

"మీకే సున్నా వేసి పోయారెవరో," అంది నవ్వుతూ.

మాస్టారు నవ్వలేదు. ఇళ్లకి ముందే గుర్తులు పెట్టి, కరెంటు పోయాక దోచుకుపోయే ముఠా ఒకటి తిరుగుతోందని పొద్దున్నే ఫోనులో చదివాడు. చదివి ఊరుకోలేదు, నలభై మందికి తనే పంపాడు.

"ఇంట్లో ఎవరెవరున్నారో కూపీ లాగి మరీ గుర్తెట్టుకున్నాడు, చూడు!"

చెయ్యెత్తాడు. పద్దెనిమిదేళ్లు బోర్డు తుడిచిన చెయ్యి. తడిగుడ్డతో రెండు తుడుపులు, సున్నా జాడ కూడా లేదు.

మర్నాడు తుఫాను చెప్పిన వేళకే వచ్చింది. సాయంత్రం నాలుగింటికి కరెంటు పోయింది. ఏడున్నరకి ఇన్వర్టరు కూత పెట్టి ఆగిపోయింది.

మూడున్నర గంటలు!

పిల్లల చేత ఏటా చేయించే లెక్కే. తన ఇంటి మిషనుకి తను చేసుకోలేదు.

వీధికి రెండు వైపులా చెట్లు పడ్డాయి. ఫోను మూగబోయింది. మొగుడూ పెళ్లాం మార్చి మార్చి అమ్మకి విసురుతూ కూర్చున్నారు.

పొద్దున్నే కిటికీలోంచి భార్య చూసింది. తడిసి ముద్దయిన మనుషులిద్దరు ఓ తోపుడుబండిని చెట్ల మీంచి ఎత్తి దాటిస్తున్నారు. బండి మీద టార్పాలిన్ కప్పి ఏవో ఉన్నాయి. ప్రతి తలుపు దగ్గరా ఆగి, తలెత్తి పైకి చూసి, ముందుకెళ్తున్నారు.

"మన తలుపూ చూస్తున్నారండీ. ఓ మాటడిగితేనో?"

"పిచ్చిదానా, వాళ్లే! గడియ వెయ్యి ముందు."

వేసింది.

బండి వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వచ్చింది. మళ్లీ చూసి, వెళ్లిపోయింది.

పదకొండింటికి అమ్మ చెయ్యి కొడుకు చేతిలోనే చల్లబడింది.

నాలుగో రోజు కరెంటొచ్చింది. వెనక గదిలో, ఖాళీ మంచం పక్కన, మిషను దానంతటదే మోగడం మొదలెట్టింది. దాని స్విచ్చి ఆపి ఉంచాలని ఎవరికీ తోచలేదు.

ఆ చప్పుడు భరించలేక మాస్టారు వీధిలోకొచ్చాడు. మూడిళ్లవతల టైలరు ఇంటి ముందు అదే తోపుడుబండి. ఖాళీ సిలిండరొకటి ఎక్కిస్తున్నారు. అరుగు మీద కుర్చీలో, టైలరు తండ్రి. పైన తలుపు మీద, సుద్దతో సున్నా.

"ఈ సున్నా..."

"మా పెద్దాయన గుర్తు సార్," అన్నాడు బండివాడు. "మిషనున్న ఇంటికల్లా పెట్టుకుంటూ తిరిగాడు. ఇంటి నంబరు చూసి వెళ్దామంటే మీ వీధిలో పదిహేడో నంబరే మూడిళ్లకుంది, ఏదని వెతుకుతాం? ఈ వీధిలో రెండిళ్లన్నాడు. రెండుసార్లు తిరిగినా మాకు ఒక్కటే కనబడింది. ఆ రెండో ఇల్లేదో మీకేమైనా తెలుసా?"

"తెలీదు," అన్నాడు మాస్టారు.

బండి మీద ఇంకో సిలిండరుంది. మూతకి వేసిన సీలు వేసినట్టే ఉంది.

"మరి అది?"

"ఆ రెండో ఇంటిదే సార్. ఆస్పత్రివాళ్లిచ్చినవి ఒకటి తగ్గితే, 'మా ఆవిడకి సాయంత్రం దాకా ఒకటి చాల్లే, ఇది ఆ కసురుకున్నాయన ఇంటికివ్వండి, పాపం తెలీక అన్నాడు' అని పెద్దాయన వాళ్లావిడ మంచం పక్కది తీసిచ్చాడు."

"వాళ్లు దొరకనప్పుడు తిరిగిచ్చెయ్యాల్సింది!"

"ఇద్దామనే వెళ్లాం సార్. ఇల్లు వెతికి వెతికి, చెట్లన్నీ దాటి వెళ్లేసరికి పొద్దుగూకింది. పెద్దాయన సిలిండర్ని ఓసారి చేత్తో నిమిరి, ఇక మా ఇంట్లో దీంతో పని లేదన్నాడు."