దూదిపింజ పథ్యం

జూన్ పన్నెండు, బుధవారం. సాయంత్రం అల్లుడు వచ్చి మనవరాలినీ, దాని కుందేలు దూదిపింజనూ తీసుకెళతానన్నాడు. అందుకే ఆలోపే ఇది రాస్తున్నాను.

వారం కిందట మనవరాలు సెలవులకని వచ్చినప్పుడు దూదిపింజ కడుపు కదలక, ముడుచుకుని పడి ఉంది. తప్పు తిండిదే అనుకున్నాను. “బిస్కెట్లు పెట్టి చంపుతున్నావే!” అని మనవరాలిని కేకలేశాను. ఎండుగడ్డి, నీళ్ళు తప్ప మరేదీ పెట్టనివ్వలేదు. మర్నాడే గడ్డి కొరికింది. ఇప్పుడు పెంటికలు శనగగింజల్లా గుండ్రంగా, పొడిగా పడుతున్నాయి.

ఈ ఉదయం బట్టలు సర్దుతూ మళ్ళీ హెచ్చరించాను. “ఇంటికెళ్ళాక కూడా గడ్డే పెట్టాలి. తెలిసిందా?”

“అక్కడా గడ్డే పెడతాను అమ్మమ్మా. బిస్కెట్ ఒక్కటి కూడా పెట్టలేదు. నువ్వు తిడుతుంటే ఊరుకున్నాను.”

“మరెందుకు తినదే?”

“నాన్న బండి చప్పుడు వినపడగానే మంచం కింద దూరుతుంది. నాన్న నిద్రపోయేదాకా ఏదీ ముట్టదు.”

“అంతసేపూ నువ్వేం చేస్తావు?”

“నేనూ మంచం కిందే. అమ్మేమో గడియ వేసి, తలుపుకి వీపు ఆనించి కూర్చుంటుంది.”

మడతపెట్టిన గౌన్లన్నీ తిరిగి అలమరలో పెట్టేశాను.

ఇక జరగవలసినవి:

1. అతను ఇటు బయలుదేరగానే, అమ్మాయి ఆ ఇల్లు వదిలి బస్టాండుకు వెళ్ళాలి. ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను.

2. మనవరాలు కడుపునిండా తిని, దూదిపింజతో పక్కింటి టీచరమ్మ దగ్గర ఉండాలి.

3. అమ్మాయి బస్సెక్కానని చెప్పేదాకా నేను గేటు తాళం తీయకుండా, కుందేలు పథ్యం మొదటి నుంచి చివరిదాకా అల్లుడుగారికి వివరిస్తూనే ఉండాలి.